డాక్టరమ్మ బండిలో ఈల

నాకు పాముచెవుల మేస్త్రి అని పేరు పెట్టింది ఈ వీధే. నేనేమీ పెట్టమని అడగలేదు గానీ, ఆ పేరంటే లోలోపల నాకు మహా గర్వం. బండి సందు మలుపు తిరుగుతుండగానే, ఇంకా కంటికి కనపడకముందే, దానికేం జబ్బో చెప్పేసేవాణ్ణి. వాల్వు కొట్టుకుంటోందనో, చైను వదులైందనో. అది వచ్చి కొట్టు ముందు ఆగేసరికి కావలసిన స్పానరు నా చేతిలో సిద్ధంగా ఉండేది. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి నా చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నానంటే కొట్లో గ్రైండరు ఆగిపోవాల్సిందే. ఎదురుగా విడిభాగాల కొట్టు నడిపే మా బావ కూడా మాట మధ్యలో మింగేసేవాడు. వేలు పైకెత్తితే బాగుందని అర్థం, తల అడ్డంగా ఊపితే మళ్ళీ విప్పాలని అర్థం. నేను తేల్చాక దాని మీద ఇంకో మాట ఉండేది కాదు.

మాది ముఖ్యంగా సైలెన్సర్ల పని. కొయ్యడం, వంచడం నా వంతు. అతుకులు మా అమ్మాయి వేస్తుంది. వెల్డింగులో దాని చెయ్యి నా చేతికంటే నయం, కాకపోతే ఆ మాట దాని మొహం మీద ఎప్పుడూ అనలేదు. నెత్తికెక్కుతుందని భయం. శబ్దం సంగతి మాత్రం పూర్తిగా నాదే.

"అసలు పాముకి చెవులే ఉండవట బావా, ఎక్కడో చదివాను" అని మా బావ అప్పుడప్పుడూ గిల్లుతుంటాడు.

"నీకున్నాయి కదా, ఏం బావుకున్నావు?" అంటాను నేను.

అలాంటి నా కొట్టుకి ఒకరోజు పక్క వీధి పళ్ళ డాక్టరమ్మ తన క్రూజర్ బండి వేసుకుని వచ్చింది. కిందికి దిగిన సీటు, వెడల్పాటి హ్యాండిలు, ముందుకి చాపుకునే కాళ్ళు. బండి మంచిదే. గొంతే బాగా లేదు, జలుబు చేసినవాడు మాట్లాడినట్టు ముక్కుతో పలుకుతోంది.

"మేస్త్రి గారూ, దీని శబ్దం మార్చాలి" అంది డాక్టరమ్మ. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా చెవి పక్కన పళ్ళు తొలిచే మా మిషను కీచుమంటూనే ఉంటుంది. ఇంటికెళ్ళే ఆ కాసేపైనా బరువుగా, కింద నుంచి వచ్చే శబ్దం వినాలనుంది. గట్టిగా అక్కర్లేదండీ. లోతుగా కావాలి."

ఆ మాటకి నేను పడిపోయాను. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళంతా "వీధి అదిరిపోవాలి మేస్త్రీ" అనేవాళ్ళే. గట్టికీ లోతుకీ తేడా తెలిసిన మనిషి ఇన్నాళ్ళకి దొరికింది. ఈ బండి మీద నా పనితనమంతా చూపించాలని అప్పుడే అనుకున్నాను.

సైలెన్సరు వెనక మూత కోసి, లోపల అడ్డంగా ఉన్న రేకులు తీసేశాను. వాటి స్థానంలో ఒళ్ళంతా బెజ్జాలున్న పొడుగాటి జాలీ గొట్టం పెట్టాను. దాని చుట్టూ గ్లాస్ వూల్, అదే గాజు పీచు, దట్టంగా చుట్టాను. కీచు గొంతుని పీల్చేసేది అదే. అమ్మాయి మూత అతికింది. ఇంజను చల్లారాక లోపల చెమ్మ చేరుతుంది, అది బయటికి పోయే దారి లేకపోతే తుప్పు పట్టి చస్తుంది. అందుకని అడుగున మేకు పట్టేంత బెజ్జం పెట్టాను. ఏ బండికైనా చివర్లో ఆ బెజ్జం నా చేత్తోనే పెడతాను. అది మా కొట్టు పద్ధతి.

బండి స్టార్ట్ చేశాను. దడ్, దడ్, దడ్. శబ్దం నేల మీద నుంచి నా అరికాళ్ళలోకి, అక్కణ్ణుంచి పక్కటెముకల్లోకి ఎక్కింది. కళ్ళు మూసుకున్నాను. ఒళ్ళు పులకరించింది. ఇంత మంచి పని చేసి చాలా రోజులైందనిపించి వేలు పైకెత్తాను.

కళ్ళు తెరిచేసరికి డాక్టరమ్మ మొహం ఎక్కడో నొప్పి పెడుతున్నట్టు ఉంది.

"లోతుగానే ఉంది మేస్త్రి గారూ, చాలా బాగుంది. కానీ పైన సన్నగా ఒక ఈల వస్తోంది కదా?"

"ఈలా?"

"అదేనండీ, కీ... మని."

మళ్ళీ విన్నాను. స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను, తీసి విన్నాను, వంగి విన్నాను. దడ్ దడ్ తప్ప ఇంకేమీ లేదు.

"ఏమీ లేదండీ" అన్నాను. అమ్మాయిని అడగలేదు, బావనీ అడగలేదు. శబ్దం విషయంలో ఒకర్ని అడిగే అలవాటు నాకు లేదు. డాక్టరమ్మ సరేనని తలూపి వెళ్ళిపోయింది గానీ, ఆ తలూపడం నాకు నచ్చలేదు.

కొద్ది రోజుల్లోనే మళ్ళీ వచ్చింది.

"అచ్చం మా మిషను లాగే ఉంది మేస్త్రి గారూ. రెండో గేరులో మరీ ఎక్కువ. ఒకసారి తోలి చూడండి."

తోలి చూశాను. వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు దగ్గర రెండో గేరులో రేజ్ చేసి, తిరిగొచ్చాను. మేఘం మీద కూర్చున్నట్టుంది. ఈల లేదు, ఈల పిల్ల లేదు. నాకు ఒళ్ళు మండింది. బంగారం లాంటి పని చేసిచ్చాక వంక పెడితే ఎవరికైనా మండుతుంది.

"డాక్టరమ్మా, కోపం తెచ్చుకోకండి. పొద్దస్తమానం ఆ కీచు మిషను పక్కనే కూర్చుంటారు. ఆ శబ్దం మీ చెవుల్లోనే ఉండిపోయిందేమో" అన్నాను.

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. హెల్మెట్టు పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

"నిజంగా మీకు వినపడటం లేదా?"

"లేదండీ."

ఆవిడ ఎదురు కొట్టు వైపు చూసింది. మా బావ నన్ను చూశాడు, బండిని చూశాడు, ఆకాశాన్ని చూశాడు. "మేస్త్రి లేదంటే లేనట్టేనమ్మా" అన్నాడు. మా అమ్మాయి అతకాల్సిందేమీ లేకపోయినా వెల్డింగ్ మాస్కు మొహం మీదికి దించుకుని కూర్చుంది.

"మీకే వినపడటం లేదంటే మరి ఇది నా చెవులే అయ్యుండాలి" అంది డాక్టరమ్మ. "మా మిషనే చెవులు పాడుచేస్తుంటే నేను ఈ పని మానుకోవాలి మేస్త్రి గారూ. నాకు ఇంకే పనీ రాదు." అంత చదువుకున్న మనిషి అంత భయపడటం చూసి నా కోపం సగానికి దిగిపోయింది. అయ్యో పాపం అనుకున్నాను. కానీ ఉన్నమాటే కదా అన్నాను, ఇందులో నా తప్పేముంది అని కూడా అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం తింటుంటే మా ఆవిడ ఏదో అంది.

"ఏంటా గొణుగుడు? నోరు తెరిచి చెప్పు."

"గొంతు పోయేలా అరుస్తుంటే గొణుగుడు అంటావేంటయ్యా? కుక్కరు కూత పెడుతుంటే పక్కనే ఉండి కట్టెయ్యవు, పిలిస్తే పలకవు."

"పిలిచినప్పుడల్లా పలికితే నేను మొగుణ్ణెలా అవుతాను?" అన్నాను. అమ్మాయి నవ్వలేదు. మామూలుగా నా జోకులకి నవ్వేది మా ఇంట్లో అదొక్కతే. దానికేమైందో నాకు అర్థం కాలేదు. ఈ మధ్య అందరికీ గొణుగుడు రోగం పట్టుకుంది, దీనికేమో మూగరోగం పట్టింది అనుకుని చెయ్యి కడుక్కున్నాను.

తర్వాత కొన్ని రోజులు నా బుర్ర నా దగ్గర లేదు. వీధిలో ఏ బండి పోయినా పని ఆపి చెవి రిక్కించేవాణ్ణి. ఈల ఉందా? లేదు. ఉందా? లేదు. లేదని తెలిసినకొద్దీ స్థిమితం రావాలి కదా, నాకు రాలేదు. లేనిదాన్ని ఎక్కడని వెతకను? డాక్టరమ్మకి పిచ్చా అంటే, ఆవిడ మాటతీరులో ఎక్కడా పిచ్చి కనపడదు. బావని కదిపితే "వదిలెయ్ బావా" అంటాడు. వదిలెయ్యడానికి ఏదైనా పట్టుకుని ఉంటే కదా.

ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి బండి దిగకుండానే మొదలుపెట్టింది.

"చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. తలుపులు మూసేసిన గదిలో కూర్చోబెట్టి అన్ని రకాల శబ్దాలూ వినిపించారు. నా చెవులు చిన్నపిల్లల చెవుల్లా ఉన్నాయట." గెలిచినట్టు చెప్పలేదు. నిజంగా అయోమయంగానే అడిగింది. "మరి ఆ ఈల ఎక్కడి నుంచి వస్తోంది మేస్త్రి గారూ?"

సమాధానం కోసం మనసులో లెక్క కట్టాను. ఆవిడ చెవులు మంచివైతే ఈల ఉన్నట్టు. ఈల ఉంటే అది నాకు వినపడాలి. నాకు వినపడటం లేదంటే... అక్కడిదాకా వచ్చి నా ఆలోచన ఆగిపోయింది. స్పానర్లు ఎవడి దగ్గరైనా ఉంటాయి, వెల్డింగ్ మిషను ఎవడైనా కొనుక్కోవచ్చు. ఇన్ని కొట్లు దాటుకుని జనం నా దగ్గరికి వచ్చేది ఈ రెండు చెవుల కోసం. అవి పోతే ఇక నేనెందుకు, ఈ కొట్టెందుకు?

భయం వేసినప్పుడు నాకు కోపం వస్తుంది. అమ్మాయి మీద విరుచుకుపడ్డాను.

"ఏమే, ఇలా రా. ఇందులో ఈల ఉందా, లేదా?"

అది బావ వంక చూసింది. బావ తల దించుకున్నాడు.

"ఉంది నాన్నా."

"ఎప్పట్నుంచి?"

"స్టార్ట్ చేసినప్పట్నుంచి."

"మరి చెప్పడానికి నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"నువ్వు వేలెత్తావు కదా నాన్నా. నువ్వు బాగుందన్నాక అది ఉండాల్సిన ఈలేమో అనుకున్నాను. మొన్న ఈవిడ వచ్చినప్పుడు నువ్వు లేదన్నావు. అప్పుడు నా చెవుల మీద నాకే అనుమానం వచ్చింది."

"నీకు కూడా?" అంది డాక్టరమ్మ.

"అయినా ఈ ఒక్కదానికేనా బావా?" అని బావ నసిగాడు. "మన కొట్లో చేసిన అన్నిటికీ ఉంది కదా. ఆ మధ్య జాలీ గొట్టం పొడుగు పెంచావు చూడు, అప్పట్నుంచి. నేనది నీ ముద్ర అనుకున్నాను. కావాలనే పెడుతున్నావనుకున్నాను. వచ్చినవాళ్ళందరికీ అలాగే చెబుతున్నాను కూడా."

ఒక్క వీధిలో ఇంతమందికి ఇన్ని చెవులుండి, ఒక్కరూ వినపడింది వినపడినట్టు చెప్పలేదు. ఎందుకంటే చెప్పాల్సినవాణ్ణి నేను. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నిష్కారణంగా ఆ తల్లి చెవుల్ని అనుమానించాను, ఆవిడ చేత ఆస్పత్రి మెట్లెక్కించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అయినా వెతకాలి కదా. చెవితో వెతకలేనని తెలిశాక బుర్రతో వెతికాను. ఈల అంటే గాలి. సన్నటి దారిలోంచి తోసుకొచ్చే గాలి. జాలీ గొట్టం పొడుగు పెంచాక దాని కొస వచ్చి వెనక మూత దగ్గర ఆగుతోంది. అక్కడే అడుగున నేను పెట్టే బెజ్జం ఉంది. ఇంకెక్కడికి పోతుంది?

తోలు గ్లౌజు తొడుక్కుని, అమ్మాయిని బండి స్టార్ట్ చెయ్యమని, నేల మీద కూర్చుని ఆ బెజ్జం మీద వేలు పెట్టాను.

"ఆగింది!" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

వేలు తీశాను.

"వచ్చింది."

పెట్టాను. "ఆగింది." తీశాను. "వచ్చింది." కుళాయితో ఆడుకునే పిల్లాడిలా పెట్టాను, తీశాను, పెట్టాను, తీశాను. నాకు రెండూ ఒకటే. దడ్ దడ్ దడ్. తేడా ఇసుమంత కూడా లేదు. ఆఖరికి వాళ్ళు చెప్పడం మానేశారు, నేను అడగడం మానేశాను. వేలు తీసినప్పుడు డాక్టరమ్మ కళ్ళు చిట్లించేది, పెట్టినప్పుడు భుజాలు దించేది. ఈల ఎప్పుడు ఉందో ఎప్పుడు లేదో ఆవిడ మొహం చూసి తెలుసుకున్నాను. గ్లౌజు వేడెక్కి వేలు చురుక్కుమన్నాక గానీ లేవలేదు.

"మిమ్మల్ని ఊరికే భయపెట్టానమ్మా. తప్పయింది" అన్నాను.

ఆవిడ తప్పు మాట ఎత్తలేదు. బండి ఆపి, నాకు ఎదురుగా వచ్చి నిలబడి నెమ్మదిగా మాట్లాడింది. ఇన్నేళ్ళు గ్రైండరు పక్కన, చెవులకి ఏమీ పెట్టుకోకుండా పనిచేస్తే ముందు పోయేవి సన్నటి శబ్దాలేనట. లోతువి ఉంటాయట. అందుకే నాకు ప్రతి బండీ అంత లోతుగా, అంత బాగా వినిపిస్తోందట. తను వెళ్ళిన డాక్టరు దగ్గరికే రమ్మంది, తనే తీసుకెళతానంది.

"చూద్దాం లెండి" అన్నాను ముక్తసరిగా. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడితే కళ్ళనీళ్ళు వచ్చేలా ఉన్నాయి.

అమ్మాయి ఆ బెజ్జం పూడ్చేసింది. ఇంకోటి ఎక్కడ పెట్టాలో నన్ను అడగబోయి ఆగి, తనే చూసుకుని ముందువైపు పెట్టింది. మళ్ళీ స్టార్ట్ చేసింది. డాక్టరమ్మ మొహం విచ్చుకుంది. "ఇదే! ఇదే నేను అడిగింది!" అంటూ బండెక్కి, వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు దగ్గర కావాలని రేజ్ చేసి, చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. నాకు అది మొదటిరోజు విన్న శబ్దమే. సంతోషించాలో లేదో కూడా అమ్మాయి మొహం చూసి తేల్చుకోవాల్సి వచ్చింది.

ఇక తక్కిన బండ్ల సంగతి చూడాలి కదా. చేసిన పాపం ఊరంతా తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే కొరియరు అతను అటుగా పోతున్నాడు. అతని బండి సైలెన్సరు కూడా నేను చేసిందే. చప్పట్లు కొట్టి ఆపాను.

"బాబూ, నీ బండిలో ఈల వస్తోంది. లోపలికి పెట్టు, ఊరికే మూసిస్తాను."

అతను బండిని ఒక అడుగు వెనక్కి లాక్కున్నాడు. నేను దాన్ని గుంజుకుంటానేమోనన్నట్టు సైలెన్సరుకి కాలు అడ్డం పెట్టాడు.

"మూసెయ్యడమేంటి మేస్త్రి గారూ! ఆ ఈల కోసమే కదా మీ దగ్గరికి వచ్చింది. సందులోకి వస్తుంటేనే ఇది పాముచెవుల మేస్త్రి చేసిన బండి అని మావాళ్ళు గుర్తుపడతారు. పై వీధిలో ఇంకొకాయన ఎంత తంటాలు పడ్డా ఆ ఈల రప్పించలేకపోతున్నాడట. అందరికీ రావద్దూ ఆ చెవి!"

అని, నేను ఇంకేమైనా అనేలోపు బండి రేజ్ చేసి పారిపోయాడు. ఆ ఈల వేస్తూనే పోయి ఉంటాడు. నేను రోడ్డు మధ్యలో చేతులు వేలాడేసుకుని నిలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా చెవి ఎంత గొప్పదో ఊరంతా చాటుతున్న శబ్దాన్ని నేను పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి కూడా వినలేదు.

బావ తన కొట్టుకి వెళ్ళి, అక్కర్లేకపోయినా డబ్బాలు సర్దుకుంటున్నాడు. లోపల అమ్మాయి వెల్డింగ్ తీగలు చుట్టి పక్కన పెడుతోంది. దాని దగ్గరికి వెళ్ళాను.

"ఎలా ఉంటుందే అది?"

"ఏది నాన్నా?"

"ఆ ఈల. ఒకసారి ఊది వినిపించు."

"ఇప్పుడా?"

"ఊదమన్నానా."

అది చేతిలో తీగ కింద పెట్టింది. మసి అంటిన పెదవులు ముంజేత్తో తుడుచుకుని సున్నాలా చుట్టింది. బుగ్గలు లోపలికి పోయాయి, మెడ మీద నరం తేలింది. అచ్చు ఆ ఈలలాగే రావాలని కళ్ళు గట్టిగా మూసుకుని మరీ ఊదుతోంది. నేను దగ్గరగా వంగాను. దాని ఊపిరి వెచ్చగా నా చెంపకి తగిలింది. అదొక్కటే తెలిసింది.

ఊదడం ఆపి కళ్ళు తెరిచింది.

"వినపడిందా నాన్నా?" అంది.

ఆ మాట మాత్రం వినపడింది.